అలన్ రోజర్స్‌ని సెమినార్‌లో ఏమని పరిచయం చేయాలి?

ఈసీఈ_ఆఖరేడు:
సెమినార్‌కి ఎడ్జెస్ ప్రయోగం తీసుకున్నా. అదే, విశ్వంలో తొలి నక్షత్రాలు వెలిగిన కాలం నాటి సంకేతం 78 మెగాహెర్ట్జ్ దగ్గర దొరికిందని 2018లో నేచర్‌లో వచ్చింది కదా, అది. మొదటి పేరు జడ్ బోమన్, రెండోది అలన్ రోజర్స్. ఈ రెండో ఆయన గురించి వెతుకుతుంటే 1970 నాటి పేపర్ తగిలింది, అది చూస్తే ఖండాల మధ్య దూరాలు కొలిచేవాళ్ళకి పునాది లాంటిది. ఒకే పేరున్న ఇద్దరేమో అనుకున్నా, కాదట, ఒక్కరే! ఇంతకీ ఈయన ఖగోళ శాస్త్రవేత్తా, భూమిని కొలిచే మనిషా? క్వేజార్‌ని (చాలా దూరంలో రేడియో అలలు గట్టిగా పంపే గెలాక్సీ నడిబొడ్డు) చూసి భూమిని కొలవడం ఏంటో కూడా నా బుర్రకి ఎక్కలేదు.

పాత_రిసీవర్:
రెండూ కాదు తమ్ముడూ, మీ బ్రాంచే. పుట్టింది జింబాబ్వేలోని ఇప్పటి హరారేలో, 1967లో ఎంఐటీలో డాక్టరేట్ చేసింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో, ఆ తర్వాత దాదాపు పనంతా మసాచుసెట్స్‌లోని హేస్టాక్ అబ్జర్వేటరీలో.

క్వేజార్ ఎంత దూరంలో ఉంటుందంటే మన లెక్కకి అది కదలనట్టే. దాన్నుంచి వచ్చే రేడియో అల ఒక డిష్‌కి ముందు, వేల కిలోమీటర్ల అవతలి డిష్‌కి కాస్త ఆలస్యంగా తగులుతుంది. రెండు చోట్లా హైడ్రోజన్ మేసర్ అనే అతి కచ్చితమైన అణు గడియారాలు పెట్టి రికార్డు చేసి, తర్వాత రెండు టేపుల్నీ పోల్చి ఆ ఆలస్యం పట్టుకుంటారు. ఇలా చాలా క్వేజార్లని చూస్తే డిష్‌ల మధ్య దూరం తేలుతుంది. 10 పికోసెకన్లు తేడా వస్తే 3 మిల్లీమీటర్లు తప్పినట్టు.

చిక్కల్లా ఏంటంటే ఆలస్యం అంత కచ్చితంగా రావాలంటే బ్యాండ్‌విడ్త్, అంటే ఒకేసారి పట్టే ఫ్రీక్వెన్సీల వెడల్పు, చాలా కావాలి, ఆనాటి మార్క్ 1 అనే రికార్డర్ టేపు 360 కిలోహెర్ట్జే పట్టేది, అదీ మూడు నిమిషాలకే రీలు అయిపోయేది. రోజర్స్ ఏం చేశారంటే, దూరదూరంగా ఉన్న ఫ్రీక్వెన్సీల్లో చిన్న చిన్న ముక్కలు మాత్రం రికార్డు చేసి వాటి ఫేజుల్ని (అల తన చుట్టులో ఎక్కడుందో ఆ కోణాన్ని) కలిపారు. కంచెకి తాడు ఏ వాలులో పోతోందో తెలియడానికి పొడవునా చూడక్కర్లేదు కదా, నాలుగు గుంజల దగ్గర చూస్తే చాలు. కాకపోతే గుంజలు సమాన దూరంలో ఉండకూడదు, ఉంటే ఫేజు ఒక పూర్తి చుట్టు తేడా వచ్చినా మనకి తెలీదు. మీరు చూసిన 1970 పేపర్ ఇదే.

గొలుసు_సర్వేయర్:
నాకు రేడియో తెలీదు గానీ కొలత తెలుసు. ఎండకి స్టీల్ టేపు సాగుతుంది, అందుకని టెంపరేచర్ కరెక్షన్ వేస్తాం. నేను కొత్తలో అది మర్చిపోయి ఒక లేఅవుట్ మొత్తం మళ్ళీ కొలవాల్సి వచ్చింది, ఆ రోజు తిన్న తిట్లు ఇంకా గుర్తే. డిష్ కేబుల్ కూడా అంతే కదా, ఎండకి సాగదా?

పాత_రిసీవర్:
భలే పట్టుకున్నారు సార్. సాగుతుంది, డిష్ తిరిగినప్పుడు మెలిపడుతుంది కూడా. అందుకే రిసీవర్ మొదట్లోనే మైక్రోసెకనుకి ఒక పల్స్ చొప్పున దూరుస్తారు, ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్‌తో పాటు అదీ అదే దారిలో వస్తుంది, దారిలో ఏం పాడైందో అది చెప్పేస్తుంది. ఇన్ని చేశాకే 1980ల్లో అమెరికాలోని వెస్ట్‌ఫర్డ్, స్వీడన్‌లోని ఒన్సాలా ఏడాదికి దాదాపు 1.7 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాయని తేలింది. వాటి మధ్య దూరం దాదాపు 5,600 కిలోమీటర్లు, చూసుకోండి! మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలో (భూభౌతిక పరిశోధన సంస్థ) ఉన్న జీపీఎస్ స్టేషన్ లెక్కలకి కూడా భూమి ఎంత తిరిగిందో కావాలి, అది క్వేజార్ల నుంచే వస్తుంది.

ఈసీఈ_ఆఖరేడు:
ఇప్పుడర్థమైంది. అయితే ఎడ్జెస్‌కి ఎలా వచ్చారు?

నల్లచెరువు:
అక్కడా అదే పని, పరికరం తనంతట తాను కలిపే తప్పు ఎంతో పట్టుకోవడం. పశ్చిమ ఆస్ట్రేలియాలో టేబుల్ అంత యాంటెన్నా, కింద 30 మీటర్ల లోహపు మెష్. రేడియో రొదని ఉష్ణోగ్రతలాగా కెల్విన్లలో చెప్తారు. ఆకాశపు రొద వేల కెల్విన్లు ఉంటే అందులో వెతికేది అర కెల్విన్ గుంట, అంటే 78 మెగాహెర్ట్జ్ దగ్గర రొద కాస్త తగ్గడం, మీరన్న సంకేతం అదే. రిసీవర్ తనంతట తాను కలిపిన రొద ఎంతో తెలీకపోతే దాన్ని చూడటమే కుదరదు. ఎడ్జెస్‌కి ముందు 327 మెగాహెర్ట్జ్ దగ్గర డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) రేడియో గీత కోసం వెతికినప్పుడు కూడా, చుట్టుపక్కల ఇళ్ళలో ఏ సామాను రొద చేస్తోందో పట్టుకుని ఆపించాల్సి వచ్చింది ఈయన బృందానికి.

అలాగని ఎడ్జెస్‌ని ఖాయం అనుకోకండి. ఆ గుంట లెక్క ప్రకారం ఉండాల్సిన దానికి రెండింతలకి పైనే ఉంది, మెష్ వల్లో, కింది నేల వల్లో వచ్చిందని చాలామంది అనుమానం. బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ సారస్ అనే రేడియో ప్రయోగం ఇదే వెతుకుతోంది. సారస్ 2ని మన అప్పటి అనంతపురం జిల్లా (ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా) తింబక్తులో పెట్టారు, ఎఫ్ఎం రొద తక్కువని. సారస్ 3ని అయితే నేల గొడవే లేకుండా కర్ణాటకలో నీళ్ళ మీద తేలేసి చూశారు, ఆ గుంట కనపడలేదు. 2022లో నేచర్ ఆస్ట్రానమీలో 95.3 శాతం నమ్మకంతో కాదన్నారు. నన్నడిగితే సారస్ వైపే మొగ్గుతా, ఊరి అభిమానం కొంత ఉందనుకోండి.

ఈసీఈ_ఆఖరేడు:
తింబక్తు మా మేనమామ వాళ్ళ ఊరికి దగ్గరే, ఇన్నాళ్ళూ తెలీలేదు! మొదటి స్లైడ్‌లో రేడియో ఇంజినీర్ అనే రాస్తున్నా. గుంజల బొమ్మ కూడా వేస్తా, అడిగితే పాత_రిసీవర్ అన్న చెప్పారంటా.

నల్లచెరువు:
బొమ్మ సరే, ముందు నీళ్ళ మీద ఎందుకు పెట్టారో చదువుకుని వెళ్ళు. మొదట అడిగేది అదే.