సమస్య: ‘లేని గుర్తె తెలుపు వాని పనిని’

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది, చివరి పాదం ఇచ్చాను. వస్తువు సయూస్లా భాష వ్యాకరణం. అమెరికాలో ఒరెగాన్ తీరాన, సయూస్లా నది ఒడ్డున ఉండేవారి భాష అది. ఫ్రాక్టెన్‌బర్గ్ అనే భాషా పరిశోధకుడు 1911లో దాన్ని విని రాసుకున్నాడు, ఆయన వ్యాకరణం 1922లో అచ్చయింది. అందులో ‘నేను’కు న్, ‘నీవు’కు న్ఖ్ అని చిన్న ప్రత్యయాలు. ‘వాడు’కు ఏమీ లేదు, ఖాళీ. కానివ్వండి.

తుంగభద్ర:
నాకు నొకటి కలదు; నీకును కలదోయి
మనకు నొకటి కలదు, మాకు వేరు
వాడు వచ్చెనన్న వట్టి ధాతువె చాలు
లేని గుర్తె తెలుపు వాని పనిని

నిర్వాహకుడు: నాకు–నీకు ప్రాసయతి చక్కగా పడింది. రెండో పాదానికి శభాష్. మన తెలుగులాగే వాళ్లకూ మనం వేరు, మేము వేరు. పైగా ‘వాళ్లిద్దరు’కు ఔఖ్, ‘మేమిద్దరం’కు ఔఖున్. అంటే వాళ్లిద్దరి మీద నన్ను అతికించినట్టే! మూడో పాదంలో మాత్రం పేచీ ఉంది. ధాతువు ఒక్కటే సరిపోదండీ, కాలాన్ని చెప్పే ప్రత్యయాలు దానికీ తగులుతాయి. లేనిది ఎవరో చెప్పే పురుష ప్రత్యయమే. ‘వట్టి చోటే చాలు’ అనండి, గణాలూ చెడవు.

తుంగభద్ర: సరేనండీ, మార్చేశాను.

భువనగిరి: వస్తువు పక్కన పెట్టి సరదాగా,
ఓటు వేసితినని యూరెల్ల చాటెను
చేయి చాపుమనగ జేబు జేర్చె
చుక్క యింకు లేదు చూపుడు వేలికి
లేని గుర్తె తెలుపు వాని పనిని

కోనసీమ: హహ, మా వీధిలోనూ ఉన్నాడొకడు! కానీ అది చేయని పని కదా?

నిర్వాహకుడు: ఎగ్గొట్టడమూ పనే లెండి. భువనగిరి గారు వస్తువు దాటానని అనుకుంటున్నారు గానీ, దాని నడిబొడ్డునే ఉన్నారు. ఊరందరి వేళ్లకూ ఇంకు ఉంది కాబట్టే ఆ ఒక్క వేలు పట్టిచ్చింది. మిగతా పురుషలన్నిటికీ ప్రత్యయం ఉండబట్టే సయూస్లాలో ఖాళీకి ‘వాడు’ అన్న అర్థం వస్తుంది. ఎవరికీ గుర్తు లేకపోతే ఖాళీ ఉత్త ఖాళీయే.

కోనసీమ: నాదీ చూడండి.
ఇద్దరయిన నొకటి, పలువురైనప్పుడు
వేరె యొకటి తోడు చేరుచుండు
ఒంటిగాడు చేయ నూరక యుందురు
లేని గుర్తె తెలుపు వాని పనిని

నిర్వాహకుడు: భావం అచ్చంగా వ్యాకరణమే. సంస్కృతంలోలా వాళ్లకు ద్వివచనం ఉంది. మొదటి పాదంలో ఇ–ప యతి కుదరలేదు. ‘ఇద్దరయిన నొకటి, యెందరో యైనచో’ అంటే సరి.

తుంగభద్ర: ఒక సందేహం. ‘వాడు’ ఖాళీ అయితే ఇద్దరు మగవాళ్లున్న వాక్యంలో ఎవడు ఎవణ్ణి కొట్టాడో ఎలా తెలుస్తుంది?

నిర్వాహకుడు: అక్కడ నామం ఆదుకుంటుంది. సకర్మక క్రియకు కర్త అయితే, ఆ పేరుకు కర్తను విడదీసి చూపే ప్రత్యేక రూపం ఉంది.

భువనగిరి: అయితే గుర్తు ఉన్నట్టేగా! మీ సమస్యే తప్పండీ.

నిర్వాహకుడు: గుర్తు పేరుకు, క్రియకు కాదు. వాదన ఉంటే ఆటవెలదిలో పెట్టండి, వచనంలో ఒప్పుకోను.