బైక్ ట్యాక్సీలో వెళ్తూ యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం కేసులో యాప్ కంపెనీని కూడా లాగాలా వద్దా?

తమ్ముడి_అక్క:
అందరికీ నమస్తే. మా తమ్ముడు ఆఫీస్ నుంచి బైక్ ట్యాక్సీ బుక్ చేసుకుని వస్తుంటే పక్క నుంచి ఒక కారు సడెన్‌గా లెఫ్ట్ తిప్పేసింది, బైక్ పడింది, నడిపే అబ్బాయికి గీతలతో పోయింది గానీ మావాడికి మోకాలి కింద ఎముక విరిగి రాడ్ వేశారు. వయసు 27, ప్రైవేట్ ఉద్యోగం, నెలకి 20 వేలు. పోలీసులు కారు డ్రైవర్ మీదే ఎఫ్ఐఆర్ కట్టారు, బీఎన్ఎస్ 281, 125(బి) (అజాగ్రత్తగా నడపడం, తీవ్ర గాయం చేయడం) అని ఉంది. బైక్‌ది వైట్ ప్లేట్ (సొంత వాడకం బండి, కిరాయిది కాదు), ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ ఒక్కటే. యాప్ వాళ్ళు ట్రిప్ ఇన్సూరెన్స్ కింద హాస్పిటల్ బిల్లులో కొంత ఇస్తాం అని ఒక ఫామ్ పంపారు, అందులో కింద చిన్న అక్షరాల్లో "ఇకమీదట కంపెనీపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు" అని ఉంది. ఇద్దరు లాయర్లని కలిశాం. ఒకాయన యాప్‌ని లాగితే కేసు ఏళ్ళకి ఏళ్ళు సాగుతుంది కారు ఇన్సూరెన్స్ చాలు అన్నారు, ఇంకొకాయన అందరినీ పార్టీలుగా వేద్దాం అన్నారు. మీరేమంటారు?

కోర్టు_వరండా:
మేడమ్ నేను యాక్సిడెంట్ నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో కేసులు చూసే జూనియర్ లాయర్‌ని, మీ మొదటి లాయర్ చెప్పిందే నా మాట కూడా. మీవాడు ప్యాసింజర్, ఆయన తప్పు జీరో. కారుదీ తప్పు బైక్‌దీ తప్పు అని రేపు వాళ్ళలో వాళ్ళు కొట్టుకున్నా మీకు సంబంధం లేదు, ఇద్దరి తప్పు వల్ల మూడో మనిషికి దెబ్బ తగిలితే ఆ ఇద్దరిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చని 2015లో ఖెన్యెయీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కారుకి పాలసీ ఉంటే డబ్బు అక్కడే ఉంది. యాప్‌ని వేశారనుకోండి, రిజిస్టర్డ్ ఆఫీస్ ఇంకో రాష్ట్రంలో ఉంటుంది, నోటీసు సర్వ్ అవ్వడానికే వాయిదాలు, వచ్చాక "మేము అనవసర పార్టీ, మా పేరు తీసేయండి" అని ఒక పిటిషన్, అది తేలాక దాని మీద హైకోర్టు. ఈలోపు మీవాడి కాలు మానిపోతుంది, కేసు మాత్రం అక్కడే ఉంటుంది.

వెనక_సీటు:
ఇదే మాట వల్ల కదా ఈ కంపెనీలు ఇన్నాళ్ళు హాయిగా ఉన్నాయి. రేటు ఫిక్స్ చేసేది యాప్, రూట్ చూపించేది యాప్, కమీషన్ కోసుకునేది యాప్, రేటింగ్ తగ్గితే ఐడీ బ్లాక్ చేసేదీ యాప్. దెబ్బ తగిలాక మాత్రం "మేము మధ్యవర్తులం అండి". ఎవరి కంట్రోల్‌లో బండి నడుస్తోందో వాళ్ళని కూడా ఓనర్‌గా చూడొచ్చని 1997లోనే రాజస్థాన్ ఆర్టీసీ వర్సెస్ కైలాష్ నాథ్ కొఠారీలో సుప్రీంకోర్టు అంది, అక్కడ బస్సు ప్రైవేట్ వాడిది, అద్దెకి తీసుకుని నడిపించింది ఆర్టీసీ, బాధ్యత ఆర్టీసీ మీద పడింది. అదే లాజిక్ యాప్‌కి ఎందుకు పట్టదు?

కోర్టు_వరండా:
బ్రో ఆ కేసులో డ్రైవర్ బస్సు ఓనర్ మనిషే అయినా డ్యూటీలో ఉన్నంతసేపు ఆర్టీసీ కండక్టర్ చెప్పినట్టు నడపాలి, అగ్రిమెంట్‌లోనే ఆ కంట్రోల్ రాసుకున్నారు. యాప్ కెప్టెన్ (బండి నడిపేవాడు) ఇష్టమైతే లాగిన్ అవుతాడు లేకపోతే లేదు. పైగా 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ వచ్చింది, ఆర్‌సీలో పేరు ఎవరిదో వాళ్ళే ఓనర్ అని. నీ వాదన తప్పు అనట్లేదు, కొత్త వాదన అంటున్నా. కొత్త వాదన గెలిపించే పని ఎముక విరిగినవాడి నెత్తిన ఎందుకు పెట్టాలి?

వెనక_సీటు:
నవీన్ కుమార్ కేసు బండి చేతులు మారి చేతులు మారి ఆర్‌సీ మార్చుకోని గొడవ, దానికీ దీనికీ పోలికే లేదు. ఇంకోటి, 2019 సవరణలో అగ్రిగేటర్ అని మోటార్ వాహనాల చట్టంలోనే డెఫినిషన్ పెట్టారు, సెక్షన్ 93 కింద లైసెన్స్ తీసుకోవాలన్నారు. లైసెన్స్ ఇచ్చే చట్టం బాధ్యత లేకుండా వదిలేస్తుందా.

కోర్టు_వరండా:
ఆ డెఫినిషన్ చదివావా? ప్యాసింజర్‌ని డ్రైవర్‌తో కలిపే డిజిటల్ ఇంటర్మీడియరీ అని ఉంది. ఇంటర్మీడియరీ! వాళ్ళ లాయర్ ఫస్ట్ చదివేది ఆ లైనే.

సగం_చదివా:
😂😂 పాయింట్ పోయింది సీటు అన్నకి

రోడ్డు_కెప్టెన్:
నేను బైక్ ట్యాక్సీ నడుపుతా, అందుకే రాస్తున్నా. మీరు లా పాయింట్లు మాట్లాడుకుంటున్నారు బానే ఉంది కానీ ఇందులో నా లాంటోడు ఎక్కడున్నాడో ఎవరూ చూడట్లేదు. ఈ అక్క తమ్ముడి కేసులో తప్పు కారుది కాబట్టి సరిపోయింది, అదే తప్పు బైక్‌ది అయితే? మా బండి పాలసీ ప్రైవేట్ వాడకానికి, కిరాయికి తిప్పితే కండిషన్ తప్పినట్టే అని ఇన్సూరెన్స్ వాడు చేతులు ఎత్తేస్తాడు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వెనక కూర్చున్నోడికి అసలు కవరే లేదంటాడు. కోర్టు దయ తలచి ముందు నువ్వు కట్టు తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకో అంటే ఆ ఓనర్ ఎవరు, నేనే. ఐదారు లక్షలు నా దగ్గర ఎక్కడుంటాయి, బండి అమ్మినా రావు. ఐడీ ఇచ్చేటప్పుడు వైట్ ప్లేట్ అని కంపెనీకి తెలీదా, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలు అన్నీ అప్‌లోడ్ చేయించుకున్నాకే కదా ఓకే చేసింది. తెలిసి తిప్పించినోడు పక్కకి జరిగితే కట్టాల్సింది నేనా? యాప్‌ని లాగండక్కా, మీ కోసం కాకపోయినా.

క్లెయిమ్స్_టేబుల్:
కెప్టెన్ చెప్పింది నిజం. నేను ఇన్సూరెన్స్ క్లెయిమ్స్‌లో చాలా కాలం పనిచేసి బయటికొచ్చా. ఫైల్ టేబుల్ మీదకి రాగానే మేము చూసేది దెబ్బ కాదు పాలసీ. ప్యాకేజీ (ఫుల్) పాలసీనా యాక్ట్ (థర్డ్ పార్టీ ఒక్కటే) పాలసీనా, కిరాయికి వాడారా, పర్మిట్ ఉందా, లైసెన్స్ ఉందా. ప్యాకేజీ పాలసీ ఉంటే వెనక కూర్చున్నవాళ్ళు కవర్ అవుతారని 2012లో బాలకృష్ణన్ కేసులో వచ్చింది, యాక్ట్ పాలసీకి అది లేదు. లైసెన్స్ సాకు మాత్రం కార్ల వరకు పోయింది, 7,500 కేజీల లోపు బండికి మామూలు ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ చాలు అని 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

అసలు మీరందరూ ఎవరు కట్టాలి అని కొట్టుకుంటున్నారు, ఎంత అన్నది ఎవరూ అడగలేదు. ఆమె తమ్ముడి లెక్క వేద్దాం. నెలకి 20 వేలు అంటే ఏడాదికి 2,40,000. 40 ఏళ్ళ లోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 3,36,000. 26 నుంచి 30 ఏళ్ళ మధ్య మల్టిప్లయర్ (ఏడాది సంపాదనని దేంతో గుణించాలో ఆ అంకె) 17, సుప్రీంకోర్టు సర్లా వర్మ కేసులో ఇచ్చిన టేబుల్ అది. అంటే 57,12,000. ఇప్పుడు సంపాదన మీద పడిన వైకల్యం 10 శాతం అని ట్రిబ్యునల్ నమ్మితే 5,71,200, 20 శాతం అని నమ్మితే దానికి డబుల్. దీని మీద హాస్పిటల్ ఖర్చు, మంచం మీద ఉన్న నెలల జీతం, నొప్పికి, మనిషిని పెట్టుకున్న ఖర్చుకి వేరే. పర్మనెంట్ ఉద్యోగం అని కాగితాలు చూపిస్తే 40 బదులు 50 శాతం అడగొచ్చు. డబ్బు పెరిగేదీ తగ్గేదీ ఆ వైకల్యం శాతం దగ్గరే మేడమ్, యాప్ ఉందా లేదా దగ్గర కాదు.

తమ్ముడి_అక్క:
సార్ డాక్టర్ గారు కాలికి 25 శాతం ఉండొచ్చు అన్నారు, అదే వేస్తారా మరి?

క్లెయిమ్స్_టేబుల్:
వెయ్యరు. కాలికి 25 శాతం అంటే మొత్తం శరీరానికి అది కాదు, మొత్తం శరీరానికి ఇంత అన్నా సంపాదన అంతే తగ్గిందని కాదు. 2010లో సుప్రీంకోర్టు తీర్పు రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ అని ఉంది, ఏ ట్రిబ్యునల్లో అయినా రెండు వైపులా లాయర్లు దాన్నే చదువుతారు. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి కాలు దెబ్బ వల్ల నష్టం తక్కువ అని ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ అంటాడు, అదే డెలివరీకో సేల్స్‌కో తిరిగేవాడైతే ఎక్కువ. అందుకే మీ తమ్ముడి పనేంటో, రోజూ ఎంత తిరగాలో ఆఫీస్ నుంచి లెటర్ తీసుకోండి. మెడికల్ బోర్డు సర్టిఫికెట్ తీసుకోండి, ఇచ్చిన డాక్టర్ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పేలా చూసుకోండి, డాక్టర్ రాకపోతే ఆ కాగితానికి మేము ఇచ్చే విలువ నాకు తెలుసు.

ఫ్లైఓవర్_కింద:
ఆ ఫామ్ సంగతి ఎవరూ చెప్పలేదేంటి. సంతకం పెట్టొద్దు మేడమ్. ట్రిప్ ఇన్సూరెన్స్ వేరే కాంట్రాక్ట్, దాని డబ్బు దానికి ఇవ్వాలి, దానికి బదులు మిగతా హక్కులు వదులుకోమనడం ఏంటి. ఆ లైన్ కొట్టేసి పంపితే తీసుకుంటాం అని మెయిల్ పెట్టండి, మెయిల్‌లోనే, ఫోన్‌లో వద్దు. ఇంకోటి సెక్షన్ 164 కింద తప్పు ఎవరిదో నిరూపించక్కర్లేకుండా తీవ్ర గాయానికి 2.5 లక్షలు వస్తాయి, వినడానికి బావుంటుంది కానీ అది పుచ్చుకుంటే 166 కింద తప్పు నిరూపించి పూర్తి నష్టపరిహారం అడిగే పెద్ద కేసు ఆగిపోతుంది. టేబుల్ సార్ లెక్క చూశాక ఇక్కడ ఎవరైనా 2.5కి ఒప్పుకుంటారా?

సగం_చదివా:
చేతిలో డబ్బు లేనోడు ఒప్పుకుంటాడు అన్నా. రాడ్ ఆపరేషన్‌కి అప్పు చేసినోడికి ఏళ్ళ తర్వాత వచ్చే ఆరు లక్షలు ఏం చేసుకోను. మొదటి 7 రోజులకి 1.5 లక్షల దాకా క్యాష్‌లెస్ అని 2025లో కేంద్రం స్కీమ్ పెట్టింది, అది కూడా సగం హాస్పిటళ్ళ కౌంటర్లో అడిగితే మొహం చూస్తారు. ఇది సగం చదివి రాసింది కాదు లెండి.

కోర్టు_వరండా:
ఇదే నేను మొదట్నుంచీ చెప్తోంది. టైమ్ కూడా డబ్బే. కారు ఇన్సూరెన్స్ ఒక్కదాని మీద కేసు ఉంటే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి మాట్లాడొచ్చు. కాకపోతే లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీల్ ఉండదు, ట్రిబ్యునల్ తీర్పు అయితే 90 రోజుల్లో హైకోర్టుకి వెళ్ళొచ్చు, అది చూసుకుని ఒప్పుకోవాలి. నలుగురు ఎదుటి పార్టీలు ఉంటే రాజీ అనే మాటే ఉండదు, ఒకడొస్తే ఇంకోడు రాడు.

వెనక_సీటు:
సరే రాజీ పోయిందనుకో. ఇప్పుడు కారు ఇన్సూరెన్స్ వాళ్ళు కౌంటర్‌లో (కోర్టుకిచ్చే జవాబులో) ఏం రాస్తారో చెప్పు. బైక్ రాంగ్ సైడ్ నుంచి వచ్చింది, తప్పంతా బైక్‌దే, ఇదే కదా. ట్రిబ్యునల్ దాన్ని నమ్మితే? ఖెన్యెయీ పనిచేసేది ఇద్దరిదీ కొంత కొంత తప్పు ఉంటే. కారుది ఏమీ లేదని తేలితే కారు పాలసీ మొత్తం పోయె, బైక్ పాలసీ కెప్టెన్ చెప్పినట్టు ముందే పోయె, మిగిలేది జేబులో రూపాయి లేని కెప్టెన్. అప్పుడు యాప్ పేరు కేసులో లేకపోతే ఏం చేస్తావ్, కొత్త కేసు వేస్తావా? యాక్సిడెంట్ అయ్యాక ఆరు నెలల్లోనే కేసు వేయాలని లిమిట్ పెట్టారు కదా 2022 ఏప్రిల్ నుంచి.

కోర్టు_వరండా:
ఆ లిమిట్ సుప్రీంకోర్టులో సవాల్‌లో ఉంది, టైమ్ అయిపోయిందని ఎవరి కేసూ కొట్టెయ్యొద్దని 2025 నవంబర్‌లో మధ్యంతర ఆదేశం కూడా ఇచ్చారు. అయినా దాన్ని నమ్ముకుని లేటు చేయమని నేను ఎవరికీ చెప్పను. నీ పాయింట్ మాత్రం ఒప్పుకోవాల్సిందే, కారు తప్పు లేదని తేలితే ఇబ్బందే. కానీ ఎఫ్ఐఆర్ కారు మీద ఉంది, ఛార్జిషీట్ కూడా కారు మీదే పడితే ఆ ఛాన్స్ బాగా తక్కువ.

క్లెయిమ్స్_టేబుల్:
తక్కువే, లేదు అనకండి. ఛార్జిషీట్ ఉన్నా సీసీ ఫుటేజ్‌తో తిప్పేసిన కేసులు చూశా. నా సలహా అయితే ఛార్జిషీట్, ఎంవీఐ (బండి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్) రిపోర్ట్, పోలీసులు గీసిన యాక్సిడెంట్ స్కెచ్ చూశాకే నిర్ణయించండి. రూల్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో ఫస్ట్ రిపోర్ట్, 90 రోజుల్లో డీటెయిల్డ్ యాక్సిడెంట్ రిపోర్ట్ ట్రిబ్యునల్‌కి ఇవ్వాలి, స్టేషన్ చుట్టూ తిరిగి అడగాల్సిందే. స్కెచ్‌లో బైక్ ఏ వైపు ఉందో చూడండి. అనుమానం ఉంటే యాప్‌ని వేయండి, క్లియర్‌గా ఉంటే వదిలేయండి.

రోడ్డు_కెప్టెన్:
క్లియర్‌గా ఉన్న కేసులన్నిట్లో వదిలేస్తే ఇక లేని కేసుల్లో మాత్రం కోర్టు ఎందుకు వింటుంది సార్. ఇంతవరకు ఎవరూ లాగలేదు కాబట్టి లాగొద్దు అంటున్నారు మీరు.

వెనక_సీటు:
💯 కెప్టెన్

కోర్టు_వరండా:
నాకు కెప్టెన్ మీద కోపం లేదు, యాప్‌ల మీద ప్రేమా లేదు. దారి వేరే ఉందంటున్నా. సేవాలోపం అని కన్స్యూమర్ కమిషన్‌లో వేయండి, దానికి రెండేళ్ళ టైమ్ ఉంది. ఇన్సూరెన్స్ సరిగా లేని బండి పంపారు, ఇది నా కంప్లైంట్ అనండి. ట్రిబ్యునల్‌లో కాలు కేసు దాని మానాన అది నడుస్తుంది. ఒకే నష్టానికి రెండు చోట్లా డబ్బు అడగకుండా రాసుకుంటే చాలు.

ఫ్లైఓవర్_కింద:
ఇది ముందే చెప్పొచ్చు కదా సామీ. అలా అయినా రెండు కేసులు, రెండు ఫీజులు. ఫీజు అంటే గుర్తొచ్చింది, వచ్చిన దాంట్లో ఇంత శాతం ఇవ్వాలి అని లాయర్ రాయించుకుంటే బార్ కౌన్సిల్ రూల్స్‌కి విరుద్ధం, అయినా అందరూ అదే అడుగుతారు. మేడమ్ ఆ ఇద్దరు లాయర్లలో పర్సెంటేజ్ అడిగిందెవరు?

తమ్ముడి_అక్క:
ఇద్దరూ అడిగారు 🙂 ఒకాయన 20, ఒకాయన 30. ఫామ్ మీద సంతకం పెట్టట్లేదు, ఆ లైన్ తీసేయమని మెయిల్ పెట్టాం, ఇంకా రిప్లై లేదు. స్కెచ్ కాపీ కోసం రేపు మా బావగారు స్టేషన్‌కి వెళ్తున్నారు. కెప్టెన్ తమ్ముడూ, ఆరోజు బండి నడిపిన అబ్బాయిని కూడా ఎదుటి పార్టీగా వేయాలంట, అది ఒక్కటే మావాడికి నచ్చట్లేదు. హాస్పిటల్‌కి మోసుకెళ్ళింది ఆ అబ్బాయే.

రోడ్డు_కెప్టెన్:
వెయ్యండక్కా పర్లేదు, పేపర్ మీద వెయ్యక తప్పదు. వేసేముందు ఒక ఫోన్ చేసి ఎందుకు వేస్తున్నారో చెప్పండి, కోర్టు నోటీస్ చూసి భయపడి పోకుండా ఉంటాడు. కారు ఎలా తిప్పిందో దగ్గరగా చూసింది వాడే కదా, వాడు కోర్టుకొచ్చి చెప్తే మీకే బలం.

కోర్టు_వరండా:
నోటీస్ తీసుకుని రాకుండా ఉండిపోతే ఎక్స్‌పార్టీ అయిపోతాడు (అతని మాట వినకుండానే కేసు నడిచిపోతుంది), అది మాత్రం వద్దని చెప్పండి. వచ్చి కౌంటర్ వేయమనండి.