250 పడకల ఆసుపత్రికి 1 మెగావాట్ గ్యాస్ ఇంజిన్, వ్యామ్: సైజు సరైనదేనా?

బెజవాడ_ప్లాంట్‌రూమ్ (ప్రశ్న)

విజయవాడలో 250 పడకల ఆసుపత్రి. పైపు గ్యాస్ మా గేటు దాకా వచ్చింది. 1 మెగావాట్ గ్యాస్ ఇంజిన్, దాని వేడితో నడిచే 290 టన్నుల వ్యామ్ (వేపర్ అబ్సార్ప్షన్ మెషీన్, అంటే వేడితో చల్లదనం తీసే చిల్లర్; టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల చల్లదనం) పెడితే కరెంటు, ఆవిరి, వేడి నీళ్లు, ఏసీ అన్నీ ఒకే చోట నుంచి వస్తాయని ఒక సప్లయర్ కొటేషన్ ఇచ్చారు.

మా లెక్కలు: పగలు సగటు లోడ్ 650 కిలోవాట్లు, రాత్రి 380. కరెంటుతో నడిచే స్క్రూ చిల్లర్లు రెండు, ఒక్కోటి 200 టన్నులు. డీజిల్ బాయిలర్ గంటకు 600 కిలోల ఆవిరి ఇస్తుంది, సీఎస్‌ఎస్‌డీకి (పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగం), లాండ్రీకి కలిపి రోజుకు ఆరు గంటలు నడుస్తుంది. 60 డిగ్రీల వేడి నీళ్లు రోజుకు 20 వేల లీటర్లు. గ్యాస్ ఎస్‌సీఎం (స్టాండర్డ్ క్యూబిక్ మీటర్) రూ.50, కరెంటు యూనిట్ రూ.8 అనుకుని చూస్తున్నాం. సంతకం పెట్టేముందు ఏం చూసుకోవాలి?

ఆవిరి_లెక్క

1 మెగావాట్ వద్దండి. రాత్రి లోడ్ 380 అన్నారు, అందులో చిల్లర్ తినే కరెంటు కూడా ఉంది. వ్యామ్ నడిస్తే ఆ భాగం తగ్గిపోతుంది. 100 టన్నులు వ్యామ్ మీదికి పోయిందనుకోండి, టన్నుకు 0.65 కిలోవాట్ చొప్పున 65 తగ్గి 315 మిగులుతుంది. 1 మెగావాట్ ఇంజిన్‌కి అది మూడో వంతు కూడా కాదు. గ్యాస్ ఇంజిన్లను 50 శాతం కింద ఎక్కువసేపు నడపకూడదు. ప్లగ్గులు, పిస్టన్ల మీద మసి చేరుతుంది, ఆయిల్ ఎక్కువ తాగుతుంది, కరెంటు సామర్థ్యం పడిపోతుంది. అంటే మీరు రాత్రంతా ఇంజిన్ ఆపాల్సిందే.

ఇక డబ్బు. గంటకు 1 మెగావాట్ ఇంజిన్ దాదాపు 250 ఎస్‌సీఎం తాగుతుంది, రూ.12,500. సొంత పంపులు, ఫ్యాన్లు పోగా 960 యూనిట్లు చేతికొస్తాయి, రూ.7,680. ఇంజిన్‌ని చల్లబరిచే జాకెట్ నీళ్లలో సుమారు 530 కిలోవాట్లు, ఎగ్జాస్ట్ పొగలో 500 వేడి దొరుకుతుంది. ఆ మొత్తాన్నీ 290 టన్నుల చల్లదనంగా మారిస్తే మీకు మిగిలే కరెంటు 190 కిలోవాట్లు. కూలింగ్ టవర్ అదనపు ఖర్చు పోతే 160, అంటే రూ.1,280. మెయింటెనెన్స్ యూనిట్‌కి రూపాయి వేసుకోండి. గ్యాస్ రూ.32 దాటితే నష్టమే.

అదే వేడిని వేడిగానే వాడుకుంటే కథ వేరు. ఎగ్జాస్ట్‌తో 8 బార్ దగ్గర గంటకు 590 కిలోల ఆవిరి వస్తుంది, జాకెట్‌తో వేడి నీళ్లు. బాయిలర్‌లో కాలాల్సిన 110 ఎస్‌సీఎం మిగులుతుంది. అప్పుడు గ్యాస్ ధర రూ.48 దాకా తట్టుకుంటుంది. కిలోవాట్ వేడికి వచ్చే విలువ, దాన్ని చల్లదనంగా మారిస్తే వచ్చే విలువకు కొన్ని రెట్లు ఎక్కువ. కాబట్టి ముందు ఆవిరి, తర్వాత వేడి నీళ్లు, మిగిలిందే వ్యామ్‌కి. కొటేషన్లలో ఈ వరస తలకిందులుగా ఉంటుంది, ఎందుకంటే వ్యామ్ పెద్దదైతే ఇంజిన్ కూడా పెద్దది అమ్మవచ్చు.

అయితే మీ వేడి అవసరం చిన్నది. 20 వేల లీటర్లను 27 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 770 యూనిట్ల వేడి చాలు. 1 మెగావాట్ ఇంజిన్ జాకెట్ గంటన్నరలో ఆ పని ముగించేస్తుంది. 350 కిలోవాట్ ఇంజిన్ అయితే నాలుగు గంటలు. మీకు ఆ 350 సైజే గరిష్ఠం. ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటర్‌లో ఇండో జర్మన్ కార్యక్రమం కింద పెట్టిన ట్రైజెనరేషన్ (కరెంటు, వేడి, చల్లదనం మూడూ ఇచ్చే) యూనిట్ కూడా ఆ సైజుదే: 347 కిలోవాట్లు, 105 టన్నులు.

ఇంకో మాట. డేటాషీట్‌లో 40 శాతం సామర్థ్యం అని ఉండేది ఎల్‌సీవీ (పొగలో ఆవిరిగా పోయే వేడిని తీసేసిన గ్యాస్ ఉష్ణ విలువ) మీద. గ్యాస్ బిల్లు వచ్చేది జీసీవీ (ఆ వేడిని కూడా కలిపిన విలువ) మీద అయితే 10 శాతం దాకా తేడా పడుతుంది. నా లెక్క ఎల్‌సీవీ ఎస్‌సీఎంకి 8,500 కిలో కెలొరీలు అనుకుని వేసింది. మీ బిల్లు ఏ విలువ మీద వేస్తారో రాతపూర్వకంగా అడగండి.

టవర్_కింద

సైజు గురించి పైన చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. వ్యామ్ వైపు చూడాల్సినవి నేను చెబుతాను.

నీళ్లు. జాకెట్, ఎగ్జాస్ట్ రెండింటితో నడిచే వ్యామ్‌కి టవర్ మేకప్ (కూలింగ్ టవర్‌లో తగ్గిపోయే నీటికి బదులు నింపేది) టన్నుకు గంటకు 14 లీటర్లు, స్క్రూ చిల్లర్‌కి 8. 105 టన్నులు రోజంతా నడిస్తే 35 వేల లీటర్లు. బోరు నీళ్లు గట్టివైతే సాఫ్ట్‌నర్ తప్పదు. కండెన్సర్ ట్యూబుల్లో పొలుసు కట్టిందంటే కెపాసిటీ మొదట పడిపోయేది వ్యామ్‌దే.

విజయవాడ ఉక్కపోతలో వెట్‌బల్బ్ (గాలిలో తేమను కూడా లెక్కలోకి తీసుకునే ఉష్ణోగ్రత) 28 డిగ్రీలు దాటుతుంది. టవర్ నీళ్లు 32 మించితే టన్నులు తగ్గుతాయి. సప్లయర్ 29 దగ్గర రేటింగ్ ఇచ్చి ఉంటే 32 దగ్గర మళ్లీ ఇవ్వమనండి.

కరెంటు పోవడమే వ్యామ్‌కి పెద్ద గండం. వ్యామ్ లోపల తిరిగే, వేడిగా, చిక్కగా ఉన్న లిథియం బ్రోమైడ్ ద్రావణాన్ని ఆపేముందు 10–15 నిమిషాలు పలచన చేయాలి. సొల్యూషన్ పంపు హఠాత్తుగా ఆగితే అది హీట్ ఎక్స్‌చేంజర్‌లో గడ్డకడుతుంది, కరిగించడానికి బయటి నుంచి వేడి పెట్టాల్సి వస్తుంది. సొల్యూషన్, రిఫ్రిజిరెంట్ పంపుల్ని, కంట్రోల్ ప్యానెల్‌ని డీజిల్ జనరేటర్ లైన్‌లో కాదు, యూపీఎస్ మీద పెట్టండి. చలికాలం తెల్లవారుజామున టవర్ నీళ్లు మరీ చల్లబడినా ఇదే జరుగుతుంది. అందుకే టవర్ బైపాస్ వాల్వ్ ఉండాలి.

వ్యామ్ లోపలి వాక్యూమ్ సంగతి ఏ రోజుకా రోజు చూడాలి. లోపల చేరిన వాయువుల్ని బయటికి లాగే పర్జ్ పంపు తరచుగా తిరగాల్సి వస్తోందంటే గాలి చొరబడుతోంది, లేదా లోపల తుప్పు పట్టి హైడ్రోజన్ పుడుతోంది. ఏడాదికి రెండుసార్లు ద్రావణం శాంపిల్ ల్యాబ్‌కి పంపి తుప్పును అడ్డుకునే మాలిబ్డేట్, రాగి, ఇనుము చూడండి. ఒప్పందంలో ఇది రాయించండి, లేకపోతే ఎవరూ చేయరు.

బెజవాడ_ప్లాంట్‌రూమ్

చాలా థాంక్సండి. 350 అనుకుంటే ఉన్న స్క్రూ చిల్లర్లతో వ్యామ్‌ని ఎలా కలపాలి? పారలల్‌గానా?

ఆవిరి_లెక్క

పారలల్ వద్దు. రిటర్న్ లైన్‌లో ముందు వ్యామ్, దాని తర్వాత స్క్రూ. 12 డిగ్రీలతో వచ్చిన నీటిని వ్యామ్ కొంత తగ్గిస్తుంది, మిగతాది స్క్రూ 7కి తెస్తుంది. లోడ్ మారినప్పుడు స్క్రూ సర్దుకుంటుంది, వ్యామ్ నిండుగానే నడుస్తుంది.

ఇంజిన్ జాకెట్ సర్క్యూట్‌ని వ్యామ్‌కి నేరుగా కలపకండి. మధ్యలో ప్లేట్ హీట్ ఎక్స్‌చేంజర్ ఉండాలి. వ్యామ్ వేడి తీసుకోకపోతే ఇంజిన్ హై టెంపరేచర్ మీద ట్రిప్ అవుతుంది కాబట్టి మిగిలిన వేడిని గాలిలోకి వదిలే ఫుల్ సైజు డంప్ రేడియేటర్, త్రీవే వాల్వ్ తప్పనిసరి. వేడి నీళ్లకు ఇన్సులేటెడ్ ట్యాంకు పెట్టుకుంటే ఆ నాలుగు గంటల వేడి పొద్దున స్నానాల వేళకు నిల్వ ఉంటుంది.

ఎగ్జాస్ట్‌లో బాయిలర్, వ్యామ్, సైలెన్సర్ మొత్తం బ్యాక్ ప్రెజర్ (పొగకు ఎదురయ్యే ఒత్తిడి) ఇంజిన్ తయారీదారు ఇచ్చిన హద్దులోపలే ఉండాలి, సాధారణంగా 50–60 మిల్లీబార్. పొగను వ్యామ్ వైపు గానీ బయటికి గానీ మళ్లించే డైవర్టర్ డ్యాంపర్ మూసినా కొంత పొగ లీకవుతుంది. వ్యామ్ ఆగి ఉన్నప్పుడు కూడా ద్రావణం వేడెక్కుతోందంటే అక్కడ చూడండి.

డిస్కం వైపు: గ్రిడ్‌తో కలిపి నడపాలంటే అనుమతులు, రివర్స్ పవర్ రిలే (కరెంటు గ్రిడ్‌లోకి ఎదురు పోకుండా ఆపేది), గ్రిడ్ సపోర్ట్ ఛార్జీలు ఉంటాయి. కాంట్రాక్ట్ డిమాండ్ (డిస్కంతో ఒప్పుకున్న గరిష్ఠ లోడ్) తగ్గించుకుంటామని లాభంలో చూపిస్తే కొట్టేయండి. నెలలో ఒక్కసారి, అరగంట ఇంజిన్ ట్రిప్ అయినా ఆ డిమాండ్ మీటర్‌లో నమోదైపోతుంది.

వేడి_చల్లన

మీ అంకెలతో నేనైతే ఇంజిన్ పెట్టను. రూ.50 గ్యాస్‌కి 350 ఇంజిన్ కూడా మిగల్చదు, మీ ఆవిరి ఆరు గంటలే కాబట్టి మిగతా వేడంతా చివరికి వ్యామ్‌కే పోతుంది. ముందు బాయిలర్‌కి గ్యాస్ బర్నర్ బిగించండి, డీజిల్ ఖర్చు వెంటనే తగ్గుతుంది. వేడి నీళ్లకు వాటర్ టు వాటర్ హీట్ పంపు పెట్టండి. 770 యూనిట్ల వేడికి 260 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది, మిగతా 510 యూనిట్లు చిల్డ్ వాటర్ రిటర్న్ నుంచి లాగుతుంది. అంటే రోజుకు 145 టన్ను గంటల చల్లదనం ఊరికే వస్తుంది. టవర్ నీళ్లు కూడా ఆ మేరకు ఆదా. ఇంజిన్ ఆలోచన గ్యాస్ ధర తగ్గినప్పుడు, లేదా రోజంతా ఆవిరి కావాల్సిన లాండ్రీ పెట్టినప్పుడు మళ్లీ తీయండి.