చెవులు కుట్టిస్తే రక్తం చుక్క కూడా రాలేదు, పరవాలేదా?

గాజువాక అమ్మ:
నిన్న మా పాపకి చెవులు కుట్టించామండీ. పదకొండో నెల నడుస్తోంది. మా అన్నయ్య ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. కురుపాం మార్కెట్ నుంచి వచ్చిన కంసాలి గారు బంగారు తీగతో ఒక్కో చెవికి ఒక్క పోటు వేసి తీగ మెలిపెట్టేశారు. పాప ఏడుపు వీధి చివరి దాకా వినిపించింది గానీ రక్తం రాలేదు. ఎడమ చెవికి ఆవగింజంత ఎర్రటి చుక్క, కుడి చెవికి అదీ లేదు. పక్కింటావిడ చూసి "ఒంట్లో రక్తం లేదేమో, పరీక్ష చేయించండి" అంది. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు.

రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, మహారాణిపేట:
కంగారు పడకమ్మా. ఎన్నో ఏళ్లు ల్యాబులో చెవితమ్మెలు పొడిచినవాణ్ని. తమ్మెలో రక్తం ఉండదని చాలామంది అనుకుంటారు. బాగానే ఉంటుంది. ఆపరేషన్‌కి ముందు రక్తం ఎంతసేపట్లో ఆగుతుందో చూడటానికి మేం పొడిచేది అక్కడే. 1910లో డ్యూక్ అనే అమెరికన్ డాక్టరు చెప్పిన పద్ధతి అది. లాన్సెట్ అనే చిన్న మొనదేలిన బ్లేడుతో గాటు పెట్టి, అర నిమిషానికోసారి ఫిల్టర్ పేపరు ఆనించేవాళ్లం. మచ్చలు వరసగా పడేవి. మొదటిది కందిపప్పంత, తర్వాత మెంతిగింజంత, చివరికి కాగితానికి ఏమీ అంటేది కాదు. మామూలుగా అయిదు నిమిషాల్లోపే ఆగేది. ఇప్పుడు ఆ పరీక్ష దాదాపు మూలపడింది.

మరి అదే తమ్మెకి కంసాలి పొడిస్తే ఎందుకు రాలేదు? మేం గాటు పెట్టి వదిలేసేవాళ్లం. ఆయన తీగ గుచ్చి అక్కడే ఉంచేశాడు. కన్నానికి ఆ తీగే బిరడా. తమ్మెలో ఎముక గానీ, మృదులాస్థి (వంగే మెత్తటి ఎముకలాంటిది) గానీ లేదు. ఉన్నదంతా చర్మం, కొవ్వు, కాస్త పీచు. ఆ మెత్తదనమంతా తీగ చుట్టూ బిగుసుకుని తెగిన నాళాల్ని నొక్కేస్తుంది. ఆ నాళాలు కూడా చెవి వెనక నుంచీ కణత వైపు నుంచీ వచ్చే ధమనుల సన్నటి కొసలే, పెద్దది ఏదీ దారిలో లేదు. తెగగానే నాళం ముడుచుకుంటుంది, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు వచ్చి మూసేస్తాయి. నమ్మకం లేక ఇప్పుడు తీగ లాగి చూడకు తల్లీ, పాపతో పాటు నువ్వూ ఏడుస్తావు!

ఇక రక్తహీనత అంటే రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువ కావడం. సూది పోటుకి చుక్క వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి అది తెలియదు. పాప పాలిపోయినట్టు, నీరసంగా అనిపిస్తే పిల్లల డాక్టరుకి చూపించు, పరీక్ష ఆయనే రాస్తారు.

ఎంవీపీ కాలనీ, డిగ్రీ విద్యార్థిని:
అంకుల్, నేను చెవి పైభాగంలో కుట్టించుకుందామనుకుంటున్నా. అక్కడా రక్తం రాదు కదా, ఇంకేం భయం?

రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్:
అక్కడ రక్త ప్రసారం తక్కువ కావడమే చిక్కమ్మా. పైన ఉన్నది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు, పైన కప్పిన పొర నుంచే పోషణ అందాలి. చీము పడితే మందు సరిగ్గా చేరదు, చెవి ఆకారమే మారిపోవచ్చు. తమ్మె ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానితే, అది నెలలు తీసుకుంటుంది. కుట్టించుకోవాలనే ఉంటే చెవులు కుట్టే గన్‌తో వద్దు, ఒకసారి వాడి పారేసే సూదితో చేసేవాళ్ల దగ్గరికి వెళ్లు. గన్‌ని ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో) పెట్టి శుభ్రం చేయడం కుదరదు. మా బంధువులమ్మాయి ఒకచోట గన్‌తో పైన కొట్టించుకుని, వాచిన చెవితో పది రోజులు యాంటీబయాటిక్స్ మింగింది.

సీతమ్మధార:
మా అమ్మ ఒక చెవి కన్నం పూడుకుపోయింది, మళ్లీ కుట్టిద్దామంటోంది. స్టెంట్ వేశాక ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతోంది.

రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్:
ఆ మందులు పనిచేసేదే ప్లేట్‌లెట్ల మీద. కాబట్టి రక్తం ఎక్కువసేపు కారొచ్చు. చెవి కోసం మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదికొస్తుంది. ముందు గుండె డాక్టరుని అడగండి. ఇంట్లో ఎవరికైనా హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) లాంటిది ఉన్నవాళ్లు కూడా డాక్టరుకి చెప్పకుండా కుట్టించుకోకూడదు.

గాజువాక అమ్మ:
అయిదో రోజండీ. తీగ చుట్టూ పసుపుపచ్చగా చెక్కులా కట్టింది. అత్తయ్య పసుపు, కొబ్బరినూనె రాద్దామంటున్నారు.

రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్:
పలచగా ఊరి ఎండిన చెక్కు అయితే మామూలే. గోరుతో గిల్లకు. చేతులు కడుక్కుని, మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో దూది తడిపి అద్దు, మెత్తబడి అదే వస్తుంది. వంటింటి పసుపు పచ్చి పుండు మీద వద్దని అత్తయ్యగారికి నా మాటగా చెప్పు. మన ఊరి ఉక్కకి చెమట పట్టి నానుతుంది, పొడిగా తుడుస్తూ ఉండు. ఎరుపు పాకినా, చెవి వేడెక్కినా, చిక్కటి చీము వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే డాక్టరుకి చూపించు. తీగ మాత్రం నువ్వు తీయకు, కన్నం మూసుకుని చీము లోపలే ఉండిపోతుంది.

గాజువాక అమ్మ:
చాలా థ్యాంక్సండీ. పక్కింటావిడకి ఇదంతా చదివి వినిపిస్తే, "మరి నా చిన్నప్పుడు కుడి చెవికి బొటబొటా కారిందే" అంటోంది.

రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్:
గుచ్చిన తీగ మళ్లీ తీశారేమో అడుగమ్మా.

గాజువాక అమ్మ:
అడిగానండీ. వంకరగా పడిందని లాగేసి, పక్కన ఇంకోసారి కుట్టారట.