ఉగాది పనులు: హాలు ముందున్న గడ్డి దుబ్బుల సంగతి (ఎడిసన్, న్యూజెర్సీ)

అలంకరణ బృందం: తోరణం కట్టే గుమ్మానికి రెండు పక్కలా గడ్డంతా ఎండిపోయి ఉంది. కొన్ని దుబ్బులైతే నడిమధ్య బోడిగా ఉన్నాయి. శనివారం అన్నీ పీకేసి బంతి కుండీలు పెట్టేద్దామా?

తోట బృందం: పీకొద్దండి, వేళ్లు బతికే ఉన్నాయి. ఎత్తుగా పెరిగే అలంకరణ గడ్డి మిస్కాంథస్‌ని జనపతాడుతో నడుం దగ్గర బిగించి కట్టి, నేల నుంచి 4–6 అంగుళాలు వదిలి హెడ్జ్ ట్రిమ్మర్‌తో కోయండి. మోపు మోపుగా వచ్చేస్తుంది, చెత్త ఎగరదు. ఆకు అంచులు చేతులు కోసేస్తాయి, తోలు గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

కార్ల్ ఫోర్‌స్టర్ అనే ఇంకో రకం అలంకరణ గడ్డి ముందే చిగురిస్తుంది, దాన్ని ఈ వారమే కోసేయాలి. ఆలస్యమై పచ్చ పిలకల కొసలు తెగితే ఆ ఆకులు మొండిగానే పెరుగుతాయి. నీలి ఫెస్క్యూ గడ్డిని కోయకండి. గ్లౌజు వేసుకుని వేళ్లతో దువ్వితే ఎండాకు ఊడి వస్తుంది.

బోడిగా ఉన్నవి ముదిరిన దుబ్బులు. ఏప్రిల్‌లో పిలకలు రెండంగుళాలు లేచాక తవ్వి, అంచు భాగాన్ని నాలుగైదు పిలకలుండే ముక్కలుగా నరికి, పాత లోతులోనే నాటి నీళ్లు పెడదాం. మధ్య మొద్దు పనికిరాదు.

బంతి మాత్రం ఇప్పుడు వద్దు, మంచు పడితే మాడిపోతుంది. పాన్సీ పూలమొక్కలైతే తట్టుకుంటాయి.

వాలంటీర్: అన్నా, పోయినేడు వెన్నులొచ్చే వేళకి అన్నీ పక్కకి ఒరిగిపోయాయి. ఎరువు చాలలేదా?

తోట బృందం: ఎక్కువైంది తమ్ముడూ. లాన్‌కి చల్లిన నత్రజని వీటికీ అందింది. యూరియా ఎక్కువైన వరి పడిపోయినట్టే ఇదీ. ఈ ఏడు వీటి దగ్గర చల్లొద్దని లాన్ వాళ్లకి చెప్పండి. మేపుల్ నీడలో ఉన్నవి ఎరువు ఆపినా నిలబడవు. వీటికి రోజుకి ఆరు గంటల ఎండ కావాలి, విడదీసేటప్పుడే చోటు మార్చేద్దాం.

అన్నిటికంటే ముందు చూడాల్సింది పార్కింగ్ వైపు. అక్కడ వెన్నులు మెలితిరిగి సగమే విచ్చుకున్నాయి. కోసేముందు పాత కాడ మీద ఆకుతొడుగు ఒలిచి చూడండి. లోపల తెల్లటి మైనపు పొడి ఉంటే పిండినల్లి అనే పురుగు పట్టినట్టే. తొడుగు చాటున ఉంటుంది కాబట్టి పైపై మందు దానికి తగలదు. ఆ దుబ్బు వేళ్లతో సహా తీసి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి చెత్తలో వేయాలి. కంపోస్టులో వేయకూడదు, ముక్కలు చేసి వేరేచోట నాటకూడదు. పురుగు పట్టిన దుబ్బుకి వాడిన ట్రిమ్మర్‌ని తుడవకుండా మంచి దుబ్బుల మీదికి తేవద్దు. ఖాళీ అయిన చోట నార్త్‌విండ్ స్విచ్‌గ్రాస్ పెడదాం. నిటారుగా నిలుస్తుంది, పైగా ఇక్కడి గడ్డే.

అలంకరణ బృందం: సరే, పాన్సీలు మేం తెస్తాం. కోసిన గడ్డి సాయంత్రం దాకా గోడవార పెట్టొచ్చా?

తోట బృందం: వద్దక్కా, అక్కడే దీపాలు పెడతారు, ఎండు గడ్డి ఇట్టే అంటుకుంటుంది. కోసినది కోసినట్టు కాగితం సంచుల్లోకి ఎక్కించేద్దాం. రెండో ట్రిమ్మర్, గునపం ఎవరి దగ్గరున్నాయో గురువారంలోగా చెప్పండి.