అప్‌డేట్: ఇల్లు అబ్బాయి పేర రాయలేదు

పోయిన నెల అడిగాను కదా, ఒడిశా పర్లాకిమిడిలో మా ఆయన కట్టిన ఇల్లు అబ్బాయి పేర రాసేసి హైదరాబాద్ వెళ్ళిపోనా, ఒక్కదాన్నే ఇక్కడే ఉండనా అని. చాలామంది తొందరపడొద్దన్నారు. ప్లీడరు దగ్గరికి వెళ్ళాను.

ఆయన చెప్పింది ఇదీ. గిఫ్టు రిజిస్టరు చేసేస్తే ఇల్లు ఆ రోజు నుంచే వాడిదైపోతుంది. 2007 నాటి వృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్ళి రద్దు చేయించుకోవచ్చు గానీ, నన్ను చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించుకోవడం మంచిదట. వీలునామా అయితే నేను పోయాకే అమల్లోకి వస్తుంది, మనసు మారితే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. సరే, వీలునామాయే రాశాను.

అబ్బాయికి ఫోన్‌లో చెప్తే "అంటే నామీద నమ్మకం లేదా అమ్మా?" అన్నాడు. రెండ్రోజులు ఫోన్ లేదు, నాకేమో టెన్షన్, అన్నం సయించలేదు. మూడోరోజు వాడే చేసి బీపీ మాత్రలు వేసుకున్నావా అని అడిగాడు, ఇంటి మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ముందు గది ఒక ఒడియా టీచరమ్మకి అద్దెకిచ్చాను. వాళ్ళ గుంటడు నన్ను 'ఆయీ' అని పిలుస్తాడు, అంటే అమ్మమ్మ అట. వాడికి నా తెలుగు సగమే అర్థమవుతుంది, పప్పుచారు మాత్రం పూర్తిగా అర్థమైంది. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలో పాతపట్నం, అక్కడ మా చెల్లెలు, ఆదివారం ఆటోలో వస్తుంది.

హైదరాబాద్ సంక్రాంతికి వెళ్తాను, పదిహేను రోజులకి. తిరుగు టికెట్టు కూడా ఇప్పుడే తీయించమన్నాను.