మంగళగిరికి ఆరోగ్యం, సంక్షేమం కలిపి ఒకే సెంటర్ కావాలా, వార్డుల్లోనే ఉంచాలా?

గాలిగోపురం_వీధి:
అందరికీ నమస్కారం అండి. ఎన్నాళ్ల నుంచో అడుగుదామనుకుంటున్నా. 2021లో మంగళగిరి, తాడేపల్లి, చుట్టూ పల్లెలు కలిపి కార్పొరేషన్ చేశారు, రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాక అపార్ట్‌మెంట్లు ఎట్లా లేస్తున్నాయో చూస్తూనే ఉన్నాం. ఎయిమ్స్ ఉంది, చినకాకాని దగ్గర వంద పడకల హాస్పిటల్‌కి 2025లో శంకుస్థాపన చేశారు. పెద్ద జబ్బొస్తే ఎటెళ్లాలో తెలుసు, సంతోషం. కానీ మా వీధిలో మగ్గం నేసే పెద్దాయనకి పక్షవాతం వచ్చింది, ఇంట్లోవాళ్లు ఎన్నిచోట్లకి తిరగాల్సొచ్చిందో చూడండి. బీపీ మాత్రలకి అర్బన్ హెల్త్ సెంటర్, ఫిజియోథెరపీకి వేరేచోటు, సదరం (వైకల్యం సర్టిఫికెట్ పరీక్ష) స్లాట్ కోసం సచివాలయం, ఆ క్యాంపుకి పెద్దాసుపత్రి, సర్టిఫికెట్ చేతికొచ్చాక పెన్షన్ కోసం మళ్లీ సచివాలయం. ప్రతిసారీ ఇద్దరు ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాలి, కోడలు ఆరోజు పని మానుకోవాలి.
అందుకే నేననేది ఊరి మధ్యలో ఒకే సెంటర్ కట్టమని అడుగుదాం. డాక్టర్, ఫిజియో, సదరం, పెన్షన్ డెస్క్, పిల్లల ఎదుగుదల చూసే గది, ఆడవాళ్లకి కౌన్సెలింగ్, ముసలివాళ్లు పగలు కూర్చోడానికి ఒక హాలు, అన్నీ ఒకే గేటు లోపల. మీరేమంటారు?

తెనాలి_రోడ్డు:
అన్నా, బాధ నిజమే కానీ బిల్డింగ్‌తో తీరే బాధ కాదిది. డాక్టర్ వైద్యారోగ్య శాఖ మనిషి, అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమం కింద, 1975లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలు నడిపే పథకం) మొదలైనప్పటినుంచీ వాళ్ల పైఆఫీసరే వేరు, సచివాలయం వాళ్లు ఇంకొకరికి జవాబు చెప్పాలి, స్థలమేమో కార్పొరేషన్‌ది. నలుగురు నాలుగు గదుల్లో కూర్చుంటారు, ఫిజియో లీవు పెడితే పక్క గదిలో డాక్టర్‌కి కూడా అడిగే అధికారం ఉండదు. జనానికేమో అదే తిరుగుడు, కాకపోతే ఒకే కారిడార్‌లో తిరుగుతారు.
పైగా ఉండవల్లి, పెనుమాక కూడా ఇప్పుడు మన కార్పొరేషనే కదా, అక్కడి మంచాన పడ్డ మనిషి మంగళగిరి నడిబొడ్డుకి ఎట్లా వస్తాడు? అర్బన్ హెల్త్ మిషన్ లెక్క ప్రకారం 50,000 మందికి ఒక అర్బన్ పీహెచ్‌సీ, అదే అర్బన్ హెల్త్ సెంటర్, ఉండాలి. జనం పెరిగారు కాబట్టి ముందు అవి పెంచండి, ఖాళీ పోస్టులు నింపండి, ఫిజియోని వారానికో రోజు ఒక్కో సెంటర్‌కి పంపండి. కొత్త బిల్డింగ్ అడిగితే టెండర్లు, కాంట్రాక్టర్లు అంటూ మూడేళ్లు గడిచిపోతాయి.

ఏఎన్నెం_అక్క:
నేను వార్డుల్లో తిరిగే మనిషిని, ఊరు చెప్పను. మీ ఇద్దరూ రోగి సెంటర్‌కి రావడం గురించే మాట్లాడుతున్నారు, అసలు రాలేనివాళ్ల సంగతేంటి?
ఒకటో తారీఖున పెన్షన్లు ఇళ్లకే తీసుకెళ్లి ఇస్తున్నారు కదా, 2024 జులై నుంచి ముసలివాళ్లకి 4,000, దివ్యాంగులకి 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000. అంటే ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో గవర్నమెంట్‌కి గుమ్మంతో సహా తెలుసు. 2025 జనవరిలో ఆ 15,000 తీసుకునేవాళ్లని తనిఖీ చేయడానికి డాక్టర్ల టీములు ఇళ్లకే వెళ్లాయి కూడా. వెళ్లగలరని తేలింది కదండీ. కానీ వెళ్లింది అర్హత చూడ్డానికి, ఆ మనిషి వీపు కింద పుండు పడిందా, యూరిన్ పైపు మార్చి ఎన్నాళ్లయింది, ఇవి చూసే పని ఆ టీముది కాదు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని చాలా ఇళ్లల్లో ఎవరూ చెప్పలేదు, చెప్పి ఒకసారి చేసి చూపిస్తే కోడళ్లు, కొడుకులు చక్కగా చేస్తారు, నేను చూశాను.
కేరళలో 1993లో కోజికోడ్‌లో ఒక సొసైటీగా మొదలైన పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) 2008కి రాష్ట్ర పాలసీ అయింది, ఇప్పుడు పంచాయతీ, మున్సిపాలిటీ తరఫున నర్సు ఇంటింటికీ వెళ్తుంది, వీధిలో వాలంటీర్లు తోడెళ్తారు. మన దగ్గర 2023లో ఫ్యామిలీ డాక్టర్ అని 104 బండితో డాక్టర్‌ని పంపి, మంచాన ఉన్నవాళ్లని ఇంట్లోనే చూసే పద్ధతి పెట్టారు కానీ అది పల్లెలకే, టౌన్‌కి లేదు. బిల్డింగ్ ఎంతైనా కట్టుకోండి, ముందు ఒక బండి, ఇద్దరు నర్సులు, ఒక ఫిజియో అడగండి.

నవులూరు_అమ్మాయి:
అక్క చెప్పింది వంద శాతం కరెక్ట్. అయినా నేను బిల్డింగ్ వైపే, కారణం వేరు. ఇంట్లో దెబ్బలు తినే ఆడపిల్ల గురించి ఎవరూ అనలేదు. 2015 నుంచి అలాంటివాళ్ల కోసం వన్ స్టాప్ సెంటర్లు పెట్టారు, మంచి పథకమే, కానీ జిల్లాకి ఒకటి, బోర్డు చూసి లోపలికి అడుగుపెట్టాలంటేనే భయం, ఎవరైనా చూస్తే సాయంత్రానికి అత్తగారింట్లో తెలిసిపోద్ది. అదే హాస్పిటల్ లోపల గది ఉంటే జ్వరానికి వచ్చిందో, బిడ్డకి టీకాకి వచ్చిందో, దీనికోసం వచ్చిందో ఎవరికీ తెలియదు. ముంబైలో దిలాసా అని 2000లో బాంద్రా భాభా మున్సిపల్ హాస్పిటల్లోనే మొదలుపెట్టారు, దెబ్బలకి కట్టు కట్టించుకోడానికి వచ్చిన మనిషిని నర్సే గమనించి మెల్లగా కౌన్సెలర్ దగ్గరికి పంపుద్ది. ఈ పని వార్డుకో చిన్న గది పెడితే జరగదు, ఎందుకంటే వార్డులో అందరూ చుట్టాలే. ఆ గదికి మాత్రం పెన్షన్ క్యూ పక్కన తలుపు పెట్టొద్దు, దయచేసి.

బెల్‌ఫాస్ట్_తెలుగు:
నేను నార్తర్న్ ఐర్లండ్‌లో నర్సుగా చేస్తున్నా, మాది దుగ్గిరాల, అందుకే రాస్తున్నా. ఇక్కడ 1973 నుంచి హెల్త్, సోషల్ కేర్ ఒకే సంస్థ కింద ఉన్నాయి, ఇంగ్లండ్‌లో సోషల్ కేర్ లోకల్ కౌన్సిళ్ల చేతిలో ఉంటది, ఇక్కడ అలా కాదు. మంచేంటంటే ముసలాయన్ని డిశ్చార్జ్ చేసేముందు ఇంటికి ఎవరెళ్తారు, మెట్లు ఎక్కగలడా, స్నానం ఎవరు చేయిస్తారు, ఇవన్నీ నర్సు, సోషల్ వర్కర్ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారు. కానీ అంతా కలిసి ఉన్నా యూకే మొత్తంలో ఆపరేషన్ల వెయిటింగ్ లిస్టులు ఇక్కడే దారుణం. ఇంటికెళ్లి చూసుకునే కేరర్లు దొరక్క, జబ్బు తగ్గినవాళ్లు కూడా బెడ్ ఖాళీ చేయలేక ఉండిపోతారు. కాబట్టి తెనాలి రోడ్డు గారి అనుమానం కొట్టిపారేయకండి. కలపడం వల్ల మాట్లాడుకోవడం తేలికవుద్ది, లేని మనుషులు పుట్టుకురారు.

ఆటోనగర్_సివిల్:
కట్టే పనిలో ఉన్నవాడిగా నాలుగు ముక్కలు. హైవే అవతల చవగ్గా ఎకరం దొరికింది కదా అని అక్కడ పెట్టనివ్వకండి, నడిచొచ్చే ముసలావిడ ఆ రోడ్డు దాటలేదు. జనం వచ్చే గదులన్నీ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండాలి, లిఫ్ట్ ఉందిలే అంటారు, కరెంట్ పోతేనో రిపేర్‌కొస్తేనో ఫిజియో గది పైన ఉండి ఏం లాభం. తలుపులు స్ట్రెచర్ తిరిగేంత వెడల్పు, బాత్రూంలో చేతిపట్టు కడ్డీలు, ఇవి ప్లాన్‌లోనే గీయించాలి, తర్వాత పగలగొట్టి పెట్టరు. పార్కుకి వదిలిన జాగాలో కడదాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు, పిల్లర్ల దగ్గరే ఆగిపోద్ది.

తెనాలి_రోడ్డు:
నవులూరు అమ్మాయి గారు చెప్పిన కోణం గట్టిది, దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఒక్క ప్రశ్న, ఆ సెంటర్‌కి పెద్ద ఎవరు? డాక్టరా, కమిషనరా, అంగన్‌వాడీల పైఆఫీసరు సీడీపీఓనా? ఎవరి సంతకంతో ఫిజియో జీతం ఆగుద్దో, ఎవరు బండికి డీజిల్ ఇస్తారో కాగితం మీద లేకపోతే మన అర్జీ మీద నేను సంతకం పెట్టను.

గాలిగోపురం_వీధి:
అదే రాద్దాం తమ్ముడూ, మొదటి లైన్‌గా రాద్దాం. కార్పొరేషన్ కింద ఒక మేనేజర్, మిగతా శాఖలు తమ మనుషుల్ని డిప్యుటేషన్ మీద పంపాలి, హాజరు, లీవులు మేనేజర్ చూడాలి. రెండోది అక్క చెప్పిన బండి, అది సెంటర్ కట్టే వరకు ఆగక్కర్లేదు, ఇప్పుడున్న అర్బన్ హెల్త్ సెంటర్ నుంచే బయల్దేరొచ్చు, తాడేపల్లి వైపు ఇంకో బండి అడుగుదాం. సెంటర్ మూడోది, గ్రౌండ్ ఫ్లోర్‌తో చిన్నగానే.
పగటి హాలు మాత్రం తీసేయమంటే ఒప్పుకోను. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి నలభై ఏళ్లు కూర్చున్నవాళ్ల మోకాళ్లు, నడుములు ఎట్లా ఉంటాయో ఈ ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. నేతన్నలకి 50 ఏళ్లకే పెన్షన్ ఇస్తున్నారంటేనే ఆ ఒళ్లు ఎంత అరిగిందో గవర్నమెంట్ ఒప్పుకున్నట్టు. డబ్బులు చేతికొస్తాయి, కానీ కొడుకు కోడలు పనికెళ్లాక పొద్దున్నుంచి సాయంత్రం వరకు పలకరించే మనిషి ఉండడు. పదిమంది కలిసి కూర్చుంటే ఫిజియో ఒకేసారి అందరికీ వ్యాయామం చేయిస్తాడు, షుగర్ అక్కడే చూస్తారు.

ఏఎన్నెం_అక్క:
హాలు పెట్టండి, భోజనం కూడా రాయండి. ఒంటరిగా ఉండేవాళ్లు పొద్దున వండిన అన్నమే రాత్రికీ తింటారు, షుగర్ మాత్రలేమో టైముకి వేసుకోమంటాం.

తెనాలి_రోడ్డు:
సరే, మేనేజర్ లైన్, బండి లైన్ ముందుంటే నేను వస్తా. హాలు మీద నా అభిప్రాయం మారలేదు, ఖర్చు దానికే ఎక్కువవుద్ది, చూడండి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ (అర్జీలు తీసుకునే కార్యక్రమం) ఉంది. డ్రాఫ్ట్ ఇక్కడే పెట్టండి, శనివారం లోపు. ఉండవల్లి, పెనుమాక వాళ్లెవరైనా ఉంటే మీ దగ్గర బండి ఎక్కడ ఆగితే బాగుంటదో కింద రాయండి, మంగళగిరి వాళ్లం మేం కూర్చుని మీ తరఫున రాసేస్తే బాగోదు.